అడవి కాలిన పొగ ఎటు పోతోందో శాటిలైట్‌లో చూడటం ఎలా: బెంగళూరులో ఉన్న మనోళ్ల కోసం

ఫిబ్రవరి నుంచి మే దాకా ఏదో ఒక పొద్దున బెంగళూరు అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో మొదలవుతుంది, "ఏదో కాలిన వాసన వస్తోంది, మీ బ్లాక్‌లో కూడా వస్తోందా" అని. ఒకాయన బండీపూర్ అడవి తగలబడుతోందంటారు, ఒకావిడ కాదు పక్క లేఔట్‌లో చెత్త కాల్చారంటారు, ఇంకో అంకుల్ ఏ దేశందో తెలియని మంటల వీడియో ఫార్వర్డ్ చేస్తారు, మధ్యాహ్నం లంచ్ టైమ్‌కి అందరూ మర్చిపోతారు. ఓ అరగంట ఓపిగ్గా కూర్చుంటే ఆ పొగ అడవిదా కాదా, అడవిదే అయితే ఏ వైపు నుంచి వచ్చి ఉంటుంది అన్నది చాలా వరకు మనమే తేల్చుకోవచ్చు, రూపాయి కట్టక్కర్లేదు, కోడింగ్ అసలే అక్కర్లేదు. లాప్‌టాప్ అయితే మంచిది, ఫోన్లో కూడా అవుతుంది గానీ వేళ్లతో జూమ్ చేసి చేసి విసుగొస్తుంది.

మొదలుపెట్టే ముందే ఒక విషయం గట్టిగా చెప్పాలి, ఎందుకంటే అందరూ పప్పులో కాలేసేది ఇక్కడే. శాటిలైట్ పై నుంచి కిందికి చూస్తుంది. పొగ ఉంది అని చెప్తుంది గానీ ఆ పొగ మన ముక్కు దగ్గర ఉందా, మూడు కిలోమీటర్ల పైన మన మీదుగా పోతోందా అన్నది మామూలు ఫొటో చెప్పలేదు. అందుకే ఫొటో ఒక్కటే చూసి "బెంగళూరు మీదికి పొగ వచ్చేసింది" అని తీర్పు ఇచ్చేయకూడదు. మంట చుక్క, పొగ ఫొటో, గాలి, నేల మీద మీటర్, ఈ నాలుగూ ఒకే కథ చెప్తేనే నమ్మాలి.

ముందు మంట ఎక్కడుందో చూడండి

గూగుల్‌లో నాసా ఫర్మ్స్ (NASA FIRMS) అని కొట్టండి, ఫైర్ మ్యాప్ ఓపెన్ అవుతుంది. ఇండియా మీదికి జూమ్ చేస్తే ఎర్ర చుక్కలు కనిపిస్తాయి, మార్చిలో చూస్తే ఒడిశా, ఛత్తీస్‌గఢ్, ఈశాన్య రాష్ట్రాల వైపు ఎంత దట్టంగా ఉంటాయంటే మొదటిసారి చూసినవాళ్లు దేశమంతా కాలిపోతోందా అని బెంబేలెత్తిపోతారు. కంగారు పడకండి, ఒక చుక్క అంటే ఒక పెద్ద కార్చిచ్చు అని కాదు. శాటిలైట్ల మీద ఉండే వియర్స్ (VIIRS) అనే కెమెరా ఒక్కో గడి 375 మీటర్ల వెడల్పుతో చూస్తుంది, ఆ గడిలో ఎక్కడో ఓ మూల గట్టిగా మంట ఉన్నా గడి నడిమధ్యలో చుక్క పెడుతుంది. కాబట్టి చుక్క సరిగ్గా గుడి మీదో స్కూల్ మీదో పడిందని గుడి కాలిపోతోంది అనుకోవద్దు. పాత మోడిస్ కెమెరా గడి అయితే ఒక కిలోమీటర్, అది ఇంకా మోటుగా ఉంటుంది.

ఈ వియర్స్ మూడు శాటిలైట్ల మీద ఉంది, 2011లో పంపిన సువోమీ ఎన్‌పీపీ, 2017లో పంపిన నోవా-20, 2022లో పంపిన నోవా-21. మూడూ మన మీదికి మధ్యాహ్నం ఒకటిన్నర అటూ ఇటూ, మళ్లీ రాత్రి ఒకటిన్నర అటూ ఇటూ వస్తాయి. మోడిస్ టెర్రా, ఆక్వా అనే శాటిలైట్ల మీద ఉంటుంది, టెర్రాని 1999లో పంపారు ఆక్వాని 2002లో, రెండూ ముసలివైపోయాయి. పైగా మన దక్షిణాదిలో మోడిస్ ఒక్కో చుట్టులో చూసే పట్టీల మధ్య ఖాళీలు పడతాయి, ఒక్కోరోజు సరిగ్గా బెంగళూరు ఆ ఖాళీలో పడి నల్లగా ఉంటుంది. వియర్స్ పట్టీ మూడు వేల కిలోమీటర్లు, ఖాళీ రాదు. నన్నడిగితే రోజూ చూడటానికి వియర్స్‌నే పెట్టుకోండి, మోడిస్ పాత సంవత్సరాలు వెతకడానికి ఉంచుకోండి.

చుక్క మీద క్లిక్ చేస్తే డబ్బా ఒకటి వస్తుంది. అందులో మూడు చూస్తే చాలు. టైమ్, అది యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంటే అయిదున్నర గంటలు కలుపుకోవాలి. కాన్ఫిడెన్స్, వియర్స్‌కి లో, నామినల్, హై అని ఉంటుంది, లో అని ఉన్నది ఎండకి మెరిసిన రాయో రేకో కూడా కావచ్చు. మూడోది ఎఫ్ఆర్‌పీ, మెగావాట్లలో ఉంటుంది, మంట ఎంత జోరుగా వేడి వదుల్తోందో చెప్పే నంబర్. పక్కపక్కనే ఒక వరసలో చుక్కలు ఉండి ఎఫ్ఆర్‌పీ కూడా ఎక్కువ ఉంటే అది పొలంలో గడ్డి కాల్చింది కాదు, కొండ మీద పాకుతున్న మంట అనుకోవచ్చు.

ఇంకో చెక్ ఉంది, ఇది చాలామంది చెయ్యరు. డేట్ ఒక వారం వెనక్కి, ఒక నెల వెనక్కి జరిపి చూడండి. అదే చుక్క అదే చోట రోజూ వెలుగుతోందంటే అది అడవి కాదు ఫ్యాక్టరీ. బళ్లారి దగ్గర తోరణగల్లు స్టీల్ ప్లాంట్ దీనికి మంచి ఉదాహరణ, ఇటుక బట్టీలు, థర్మల్ ప్లాంట్లు కూడా ఇదే రకం. పెద్ద పెద్ద సోలార్ పార్కులు కూడా ఎండకి మెరిసి ఒక్కోసారి దొంగ చుక్కలు పెట్టిస్తాయి.

చుక్క లేదు అంటే మంట లేదు అని మాత్రం అనుకోకండి. మబ్బు అడ్డం ఉంటే కనపడదు, దట్టమైన చెట్ల కింద నేల మీద ఆకులు మెల్లగా కాలుతుంటే కనపడకపోవచ్చు, పొద్దున తొమ్మిదికి అంటుకుని పదకొండుకి ఆరిపోయినదాన్ని ఒకటిన్నరకి వచ్చే శాటిలైట్ ఎలా చూస్తుంది పాపం. డేటా కూడా శాటిలైట్ దాటిన మూడు గంటల్లోపు మ్యాప్ మీదికి వస్తుంది, అప్పటికప్పుడు రాదు. ఇది ట్రెక్‌కి పోయేవాళ్లు ముఖ్యంగా గుర్తు పెట్టుకోవాలి. 2018 మార్చి 11న తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో ట్రెక్‌కి వెళ్లినవాళ్లు మంటల్లో ఇరుక్కుని 20 మందికి పైగా చనిపోయారు. మ్యాప్‌లో చుక్క ఉంటే ఆ కొండకి వెళ్లకండి, చుక్క లేదు కదా అని మాత్రం ధైర్యం చేయకండి, అక్కడి ఫారెస్ట్ వాళ్లని అడగాల్సిందే.

పొగా, మబ్బా?

ఇప్పుడు నాసా వరల్డ్‌వ్యూ ఓపెన్ చేయండి, రోజువారీ శాటిలైట్ ఫొటోలు చూపించే సైట్ ఇది. ఎడమ పక్క లేయర్ల లిస్ట్ ఉంటుంది, యాడ్ లేయర్స్ నొక్కి నోవా-20 వియర్స్ కరెక్టెడ్ రిఫ్లెక్టెన్స్ ట్రూ కలర్ పెట్టుకోండి, దాని మీద ఫైర్స్ అండ్ థర్మల్ అనామలీస్ లేయర్ పెట్టుకోండి. ట్రూ కలర్ అంటే మన కంటికి ఎలా కనిపిస్తుందో అలా. కర్ణాటక దక్షిణం మీదికి జూమ్ చేయండి, బండీపూర్, నాగరహొళె, బీఆర్ హిల్స్ అన్నీ ముదురు ఆకుపచ్చ మచ్చల్లా ఉంటాయి, ఎండాకాలంలో అయితే గోధుమ రంగుకి తిరిగి ఉంటాయి.

పొగ ఎలా ఉంటుందంటే, అగరొత్తి పొగ చూడండి, వెలిగిన చోట సన్నగా మొదలై పోను పోను వెడల్పయి చెదిరిపోతుంది కదా, పై నుంచి చూసినా అదే ఆకారం. మొన చుక్క దగ్గర, తోక గాలి పోయే వైపు. రంగు కొంచెం నీలం కలిసిన బూడిద రంగు, అంచులు మసకగా, దాని కింద నేల లీలగా కనిపిస్తూ ఉంటుంది. మబ్బు అయితే తెల్లగా, అంచు గట్టిగా గీసినట్టు ఉంటుంది, పక్కన నేల మీద నీడ కూడా పడుతుంది. దుమ్ము అయితే పసుపు, గోధుమ రంగులోకి పోతుంది. పొద్దుటి మంచు లోయల్లో, చెరువుల చుట్టూ పట్టుకుని ఉంటుంది, మధ్యాహ్నానికి పోతుంది.

ఇంత చెప్పినా పల్చటి మబ్బుకీ పొగకీ తేడా పట్టడం కష్టమే, ముఖ్యంగా ఏప్రిల్‌లో, వేసవి వానల ముందు ఆకాశమంతా పాలిపోయినట్టు ఉండే రోజుల్లో. దానికి ఒక చక్కటి ట్రిక్ ఉంది. అదే రోజుకి ఇంకో లేయర్ పెట్టండి, మోడిస్‌లో అయితే బ్యాండ్స్ 7-2-1 అని ఉంటుంది, వియర్స్‌లో ఎం11-ఐ2-ఐ1 అని. ఇది ఎక్కువగా మన కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగుతో చేసిన బొమ్మ. పొగ కణాలు చాలా చిన్నవి, అలల పొడవు ఎక్కువగా ఉన్న ఆ వెలుగు వాటిని పట్టించుకోకుండా దాటి పోతుంది, మబ్బు నీటి బొట్లు పెద్దవి కాబట్టి ఆపేస్తాయి. సో ట్రూ కలర్‌లో తెల్లగా కనిపించింది ఈ లేయర్‌లో చాలా వరకు మాయమైపోతే అది పొగ, అలాగే ఉండిపోతే మబ్బు. వరల్డ్‌వ్యూలో కంపేర్ అని బటన్ ఉంది, రెండు లేయర్లనీ చెరో పక్క పెట్టి మధ్య గీతని అటూ ఇటూ జరిపితే మాయమవడం కళ్ల ముందే కనిపిస్తుంది, ఇది చూసిన ఎవరికైనా ఆ తర్వాత శాటిలైట్ ఫొటోల మీద నమ్మకం కుదురుతుంది. పైగా ఈ బొమ్మలో కాలిపోయిన నేల ఎర్రటి గోధుమ రంగులో మచ్చలా తేలుతుంది, పచ్చగా ఉన్న అడవి మెరిసే ఆకుపచ్చలో ఉంటుంది, కాబట్టి మంట ఆరిపోయాక కూడా ఎక్కడ కాలిందో తెలుస్తుంది.

మరి మబ్బు పైన పొగ ఉంటే? అప్పుడు గాలిలో పొగ, దుమ్ము కణాల్ని చూపించే ఏరోసాల్ ఇండెక్స్ అనే మ్యాప్ పనికొస్తుంది. సెంటినెల్-5పీ అని యూరప్ వాళ్ల శాటిలైట్, 2017 అక్టోబర్‌లో పంపారు, అల్ట్రావయొలెట్ వెలుగులో చూస్తుంది, మబ్బు మీద నల్లటి పొగ ఉన్నా పసిగడుతుంది. కానీ ఇందులో ఒక తిరకాసు, పొగ ఎంత ఎత్తులో ఉంటే అంత బాగా కనిపిస్తుంది, నేలకి అంటిపెట్టుకుని ఉన్న పొగ దీనికి సరిగా ఆనదు. మనకి కావాల్సిందేమో ఆ నేల దగ్గరిదే. అదే శాటిలైట్‌లో కార్బన్ మోనాక్సైడ్ మ్యాప్ కూడా ఉంటుంది, అది వారాల తరబడి గాలిలో ఉండే గ్యాస్ కాబట్టి పెద్ద పెద్ద మంటల పొగ దేశాలు దాటి పోవడం చూడటానికి బాగుంటుంది. ఒక ఊరి సంగతి తేల్చడానికి అంతగా పనికిరాదు, మన సిల్క్ బోర్డ్ ట్రాఫిక్ కూడా అదే గ్యాస్ వదులుతుంది మరి.

మంట దగ్గరగా చూడాలనిపిస్తే కోపర్నికస్ బ్రౌజర్‌లో సెంటినెల్-2 అనే ఇంకో శాటిలైట్ ఫొటోలు ఉన్నాయి, 10 మీటర్ల వివరం, పొగ ఏ గట్టు మీద నుంచి లేస్తోందో కూడా కనిపిస్తుంది, షార్ట్‌వేవ్ ఇన్‌ఫ్రారెడ్ బొమ్మ పెడితే పొగ లోపలి నుంచి మంట గీత నారింజ రంగులో తెలుస్తుంది. కాకపోతే అయిదు రోజులకోసారి వస్తుంది, అది వచ్చిన రోజే మంట ఉండాలంటే అదృష్టం ఉండాలి.

టైమ్ దగ్గర జాగ్రత్త

వరల్డ్‌వ్యూలో తేదీ యూటీసీ ప్రకారం నడుస్తుంది. పగటి ఫొటోకి ఇబ్బంది లేదు, మనకి మధ్యాహ్నం ఒకటిన్నర అంటే యూటీసీలో అదే రోజు పొద్దున 8 గంటలు. రాత్రి పాస్‌తోనే గొడవ. ఏప్రిల్ 10 తెల్లవారుజామున ఒకటిన్నరకి శాటిలైట్ చూసిన మంట, యూటీసీలో ఏప్రిల్ 9 రాత్రి 8 గంటలు అవుతుంది, కాబట్టి ఏప్రిల్ 9 పేజీలో కూర్చుంటుంది. ఇది తెలియక పదో తారీఖు పేజీలో వెతికి "చుక్కే లేదు, అబద్ధం" అని గ్రూప్‌లో వాదించేవాళ్లని చూశాను.

పొగ కదలడం చూడాలంటే రోజుకి ఒకట్రెండు ఫొటోలు సరిపోవు, కదలకుండా ఒకేచోట నిలబడి చూసే జియోస్టేషనరీ శాటిలైట్ కావాలి. మనకి ఇన్‌శాట్-3డీఆర్, 2024 ఫిబ్రవరిలో పంపిన ఇన్‌శాట్-3డీఎస్ ఉన్నాయి, ఒక్కోటి అరగంటకో ఫొటో తీస్తుంది, ఇస్రో వాళ్ల మోస్‌డాక్ సైట్‌లో, వాతావరణ శాఖ (ఐఎండీ) వాళ్ల ర్యాపిడ్ పేజీలో చూడొచ్చు. సైట్లు ఒక్కోసారి నత్తనడక నడుస్తాయి, ఓపిక పట్టండి. జూమ్ ఎర్త్ అనే సైట్ వాడటానికి హాయిగా ఉంటుంది, కింద ప్లే నొక్కితే సినిమాలా తిరుగుతుంది. ఇక్కడ చిన్న చిట్కా, నడిమధ్యాహ్నం ఫొటోల్లో పల్చటి పొగ కనపడదు, పొద్దున ఎండ ఎక్కకముందు, సాయంత్రం పొద్దు వాలేటప్పుడు ఫొటోలు చూడండి, వెలుగు ఏటవాలుగా పడి పొగ బాగా తేలుతుంది. కిటికీలోంచి ఏటవాలుగా ఎండ పడ్డప్పుడే గదిలో దుమ్ము కనిపించడానికి కారణమూ అదే.

జియోస్టేషనరీ అందుబాటులో లేకపోయినా వేగం లెక్క కట్టొచ్చు. నోవా-20, నోవా-21 మధ్యాహ్నం సుమారు 50 నిమిషాల తేడాతో పోతాయి. రెండు ఫొటోల్లోనూ పొగ ముందు అంచు ఎక్కడుందో చూసి వరల్డ్‌వ్యూ మెజర్ టూల్‌తో కొలవండి. 15 కిలోమీటర్లు జరిగిందనుకోండి, గంటకి 18 కిలోమీటర్లు అన్నమాట. అది ఆ పొగ ఉన్న ఎత్తులో గాలి వేగం, ఈ నంబర్ రాసి పెట్టుకోండి, పొగ ఎన్ని గంటల్లో ఎంత దూరం వస్తుందో లెక్క కట్టడానికి పనికొస్తుంది.

గాలి ఏ ఎత్తులో చూడాలి

బెంగళూరు వాళ్లు ప్రత్యేకంగా తెలుసుకోవాల్సిన సంగతి ఇది. నల్‌స్కూల్ ఎర్త్ గానీ విండీ గానీ, అవి గాలి మ్యాపుల సైట్లు, ఓపెన్ చేస్తే గాలి ఎత్తు హెక్టోపాస్కల్స్‌లో, అంటే గాలి ఒత్తిడి లెక్కలో ఉంటుంది, నంబర్ తగ్గేకొద్దీ ఎత్తు పెరుగుతుంది, 1000, 925, 850, 700 అని. 850 అంటే సముద్ర మట్టానికి సుమారు 1500 మీటర్లు. మన ఊరే 900 మీటర్ల పైన ఉంది కదా, అంటే 850 అనేది మన నెత్తి మీద ఓ 600 మీటర్లు మాత్రమే. 1000, 925 లెవెల్స్ అయితే మనకి భూమి లోపల ఉన్నట్టు లెక్క, మ్యాప్ గాలి చూపిస్తుంది గానీ అది మోడల్ ఊహించి పూడ్చిన నంబర్. కాబట్టి బెంగళూరుకి సర్ఫేస్, 850, 700 ఈ మూడు చూడండి. చెన్నైలో ఉన్నవాళ్లకి 1000, 925 బాగానే పనికొస్తాయి, కానీ అక్కడ మధ్యాహ్నం సముద్రపు గాలి కింద ఒక దిక్కు, పైన ఇంకో దిక్కు వీస్తుంది, పొగ తోక పైన తూర్పుకి పోతున్నట్టు ఫొటోలో ఉన్నా నేల మీద గాలి పడమరకి తోస్తూ ఉండొచ్చు.

ఇప్పుడు బండీపూర్ సంగతి. ప్రతిసారీ నేరం దాని మీదే వేస్తారు గానీ మ్యాప్ చూడండి, బండీపూర్ మనకి నైరుతి మూల, తిన్నగా గీత గీస్తే దాదాపు 180 కిలోమీటర్లు. అక్కడి పొగ మన దగ్గరికి రావాలంటే నైరుతి గాలి వీయాలి. ఫిబ్రవరిలో మనకి ఎక్కువగా తూర్పు వైపు నుంచే గాలి, కాబట్టి ఆ నెలలో బండీపూర్ పొగ వయనాడ్ వైపు, కేరళ వైపు పోయే ఛాన్సే ఎక్కువ. మనకి నిజంగా వాసన తగిలిందంటే ముందు తూర్పు, ఈశాన్యం చూడాలి, కుప్పం పలమనేరు కొండలు, చిత్తూరు అడవులు, శేషాచలం. మార్చి ఏప్రిల్‌కి గాలి దిక్కులు మారుతూ ఉంటాయి, అప్పుడు ఏ రోజుకారోజు చూసుకోవాల్సిందే.

ఒక ఉదాహరణ తీసుకుందాం, ఊహించినదే అనుకోండి. మార్చిలో ఒక పొద్దున ఎనిమిదిన్నరకి వైట్‌ఫీల్డ్‌లో వాసన వచ్చింది. అంటే యూటీసీ 3 గంటలు. అమెరికా వాతావరణ సంస్థ నోవా (NOAA) వాళ్ల రెడీ (READY) సైట్‌లో హైస్ప్లిట్ (HYSPLIT) అని ఉంటుంది, అందులో ట్రాజెక్టరీ, అంటే గాలి నడిచిన దారి, తీసుకుని, డైరెక్షన్ బ్యాక్‌వర్డ్ అని పెట్టండి, అంటే ఈ గాలి ఇక్కడికి ఎక్కడి నుంచి వచ్చింది అని వెనక్కి గీత గీస్తుంది. మెటీరియాలజీ జీఎఫ్ఎస్, లొకేషన్ 12.97, 77.75, టైమ్ 03 యూటీసీ, ఎత్తులు నేల నుంచి 100, 500, 1500 మీటర్లు, 24 గంటలు. రన్ కొడితే కాసేపటికి ఎరుపు, నీలం, ఆకుపచ్చ మూడు గీతలు వస్తాయి, మ్యాప్ కింద ఇంకో గ్రాఫ్‌లో ఆ గాలి ఏ గంటకి ఎంత ఎత్తులో ఉందో ఉంటుంది, చాలామంది ఆ కింది గ్రాఫ్ చూడరు, అసలు విషయం అక్కడే ఉంది. నీలం గీత, అదే 500 మీటర్లది, కోలార్ జిల్లా దాటి కుప్పం వైపు పోయిందనుకోండి. కుప్పం మనకి సుమారు 85 కిలోమీటర్లు. ఇప్పుడు ఫర్మ్స్‌లో రాత్రి ఒకటిన్నర పాస్ తీసి కుప్పం, పలమనేరు మధ్య కౌండిన్య అభయారణ్యం చుట్టుపక్కల చూడండి. చుక్కలు ఉన్నాయా? ఉంటే లెక్క కట్టండి, ఒకటిన్నర నుంచి ఎనిమిదిన్నర దాకా ఏడు గంటలు, గాలి గంటకి 12 కిలోమీటర్లు ఉంటే 84 కిలోమీటర్లు. సరిపోయింది. గాలి గంటకి 30 అయితే ఆ పొగ తెల్లారకముందే మనల్ని దాటి ఉండాలి, మంట ఆగకుండా కాలుతుంటే తప్ప, కాబట్టి ఇంకొంచెం ఆలోచించాలి.

ఎనిమిదిన్నర, తొమ్మిదికే వాసన ఎందుకు అంటే దానికీ కారణం ఉంది. రాత్రి నేల చల్లబడి కింద గాలి కదలకుండా పడుకుంటుంది, దాని పైన కొన్ని వందల మీటర్ల ఎత్తులో గాలి మాత్రం జోరుగానే పోతుంటుంది, పొగ ఆ పై దారిలో చప్పుడు లేకుండా మన నెత్తి మీదికి వచ్చి ఉంటుంది. ఎండ ఎక్కి నేల వేడెక్కగానే కింది గాలి పైకి లేచి పై గాలి కిందికి దిగి రెండూ కలుస్తాయి, పైన ఉన్న పొగ కిందికి దిగుతుంది. మళ్లీ పదకొండు, పన్నెండుకి ఇంకా ఎత్తు దాకా కలిసిపోయి పల్చబడుతుంది. "పొద్దున వచ్చింది మధ్యాహ్నానికి పోయింది" అని గ్రూప్‌లో అనుకునేది ఎక్కువసార్లు ఇదే, మంట ఆరిందని కాదు.

విండీలో పీఎం 2.5 (గాలిలోని చాలా సన్నటి కణాలు), ఏరోసాల్ లేయర్లు చూసి అదే శాటిలైట్ ఫొటో అనుకునేవాళ్లు ఉన్నారు. కాదండి, అవి యూరప్ వాళ్ల క్యామ్స్ మోడల్ లెక్కలు. ఎటు పోవచ్చో అంచనాకి బాగుంటాయి, కానీ ఆ మోడల్‌కి మంటల సమాచారం ఇచ్చేది కూడా శాటిలైట్ చుక్కలే, చుక్క పడని మంట మోడల్‌లోనూ ఉండదు. పైగా గడి పదుల కిలోమీటర్లు, బెంగళూరు మొత్తం రెండు మూడు గడుల్లో సరిపెట్టేస్తుంది, మీ వార్డు రంగు ఏంటో అందులో వెతకొద్దు.

చివరికి నేల మీటరే తేల్చాలి

సీపీసీబీ, అంటే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వాళ్ల సమీర్ యాప్ వేసుకోండి. బెంగళూరులో హెబ్బాళ, పీణ్య, బీటీఎం, సిల్క్ బోర్డ్, జయనగర ఇలా చాలా చోట్ల స్టేషన్లు ఉన్నాయి. ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ) అని పెద్దగా కనిపించే నంబర్ చూసి మోసపోవద్దు, మన దేశంలో పార్టికల్స్‌కి అది 24 గంటల సగటు మీద కడతారు, గంట క్రితం వచ్చిన పొగ అందులో కలిసి కనపడకుండా పోతుంది. స్టేషన్ లోపలికి వెళ్లి గంట గంటకీ పీఎం 2.5 చూడండి. రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఒకటి, ఊరంతా స్టేషన్లు ఒకే టైమ్‌కి అటూ ఇటూ కలిసి పెరిగాయా, లేక ఒక్కటే పెరిగిందా. ఒక్కటే పెరిగితే ఆ పక్కన ఎవరో ఆకులు, చెత్త కాల్చారు, దానికి నాసా దాకా పోనక్కర్లేదు. తూర్పు గాలి ఉన్న రోజు తూర్పు స్టేషన్ ముందు, పడమర స్టేషన్ కాసేపు తర్వాత లేస్తే ఇంకేం కావాలి. రెండోది, పీఎం 10తో (కొంచెం పెద్ద కణాలు కూడా కలిపిన లెక్క) పోలిస్తే పీఎం 2.5 వాటా పెరిగిందా. పొగ కణాలు సన్నవి, 2.5 లోనే ఉంటాయి, మెట్రో పనుల దుమ్ము అయితే పీఎం 10 మాత్రమే ఎగురుతుంది. 24 గంటల సగటుకి మన ప్రమాణం పీఎం 2.5కి 60 మైక్రోగ్రాములు, అది గుర్తుంటే నంబర్ చూడగానే ఎంత తేడా ఉందో తెలుస్తుంది.

ఊళ్లోనే మంట అయ్యే ఛాన్స్ ఎప్పుడూ మర్చిపోవద్దు. 2019 ఫిబ్రవరి 23 చూడండి, ఆ వారం బండీపూర్ నిజంగానే కాలుతోంది, వేల ఎకరాలు పోయాయి, 25న ఎయిర్‌ఫోర్స్ హెలికాప్టర్లు నీళ్లు చల్లాయి. కానీ 23 మధ్యాహ్నం యలహంక వైపు జనం చూసిన నల్లటి పొగ ఏరో ఇండియా విమానాల ప్రదర్శన పార్కింగ్‌లో అంటుకున్న గడ్డీ కార్లదీ, దాదాపు 300 కార్లు కాలాయి. బెళ్లందూర్ చెరువు 2018 జనవరిలో కాలినప్పుడూ అంతే, అడవి కాదు ఏమీ కాదు, చెరువులో ఎండిన గడ్డి.

ప్రాక్టీస్‌కి కూడా ఆ 2019 ఫిబ్రవరి బండీపూర్ రోజులే బాగుంటాయి. వరల్డ్‌వ్యూలో ఫిబ్రవరి 20 నుంచి 26 దాకా ఒక్కో రోజు జరుపుతూ పోండి, గోపాలస్వామి బెట్ట చుట్టూ చుక్కలు ఎలా జరిగాయో చూడండి, ట్రూ కలర్‌లో పొగ తోక ఏ దిక్కుకి ఉందో, 850 గాలి ఆ రోజు ఎటు ఉందో మీరే పోల్చండి, ఆ తర్వాత మార్చి మొదటి వారంలో మబ్బు లేని రోజు 7-2-1 పెట్టి మచ్చ వెతకండి. ఇంకా తేలిక కావాలంటే నవంబర్ మొదట్లో పంజాబ్ గడ్డి కాల్చే రోజులు పెట్టండి, పొగ ఢిల్లీ వైపు వెళ్లడం ఎవరూ చెప్పకపోయినా కనిపిస్తుంది.

దొరికింది గ్రూప్‌లో పెట్టేటప్పుడు ఉత్త స్క్రీన్‌షాట్ పెట్టకండి, అదే వచ్చే ఏడాది పాత ఫార్వర్డ్ అయి తిరుగుతుంది. ఫొటో మీదే శాటిలైట్ పేరు, తేదీ, మన టైమ్ రాయండి, వరల్డ్‌వ్యూ షేర్ లింక్ కూడా ఇవ్వండి, అది తెరిస్తే మీరు చూసిన లేయర్లే వాళ్లకీ తెరుచుకుంటాయి. మాట కూడా ఇలా ఉండాలి: "రాత్రి ఒకటిన్నరకి కుప్పం అడవి వైపు చుక్కలు ఉన్నాయి, గాలి తూర్పు నుంచి, హెబ్బాళ, బీటీఎం రెండిట్లో ఎనిమిది తర్వాత పీఎం 2.5 పెరిగింది, అక్కడిదే కావచ్చు, పిల్లల్నీ ఆస్తమా ఉన్నవాళ్లనీ పదకొండు దాకా బయటికి పంపకండి, కిటికీలు మూసుకోండి." అంతకు మించి అక్కర్లేదు. అడవి దగ్గర సొంతూరు ఉన్నవాళ్లు డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా సైట్‌లో ఫైర్ అలర్ట్స్‌కి రిజిస్టర్ చేసుకుంటే మీ జిల్లాలో చుక్క పడినప్పుడు ఎస్ఎంఎస్ వస్తుంది, ఊళ్లో అమ్మానాన్నల నంబర్ ఇచ్చినా పర్లేదు. కంటి ముందు మంట కనిపిస్తే మాత్రం మ్యాపులు పక్కన పెట్టి ముందు 112కి ఫోన్ కొట్టండి.